ఎగ్జిబిట్ 4లో మా అమ్మ

(వాడ నుంచి – 14)



పోయిన ఆదివారం ఎస్సీ హాస్టల్ పిల్లలతో కూర్చున్నప్పుడు బీబీఏ రెండో ఏడాది చదివే తమ్ముడొకడు అడిగాడు. "అక్కా, మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఇంటర్నేషనల్ కేస్ కాంపిటీషన్ అని పెట్టిండ్రు. కేసులల్ల పోటీ ఏందక్కా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. 2016లో నేను ఇదే మాట ఫోన్లో చెబితే అమ్మ గొంతు ఒక్కసారి సన్నబడింది. "కేసా? ఎవల మీద బిడ్డా? మనమెందుకు పెట్టినం?"

వాడలో కేసంటే ఒకటే అర్థం. పోలీస్ స్టేషను, ఎఫ్ఐఆర్, రాజీ పడమని ఊరి పెద్దల కబురు. 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టినవాళ్ళు ఎన్నేళ్ళు కోర్టుకు తిరిగారో మనలో చాలామందికి ఇంట్లోనే తెలుసు. కేసు బాగా చెప్పినోళ్ళకు కప్పు ఇస్తారంటే అమ్మ నమ్మలేదు.

అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదని నాకు తర్వాత తెలిసింది. ఈ కేసు అనే మాట నిజంగానే కోర్టు నుంచి వచ్చింది. 1870లలో హార్వర్డ్ లా స్కూల్ డీన్ లాంగ్‌డెల్ కోర్టు తీర్పులనే ముందు పెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో పుట్టింది. 1919లో దానికి డీన్‌గా వచ్చిన డోనమ్ ఆ లా స్కూల్లో చదివినవాడే. ఆయన కాలంలోనే ఆ పద్ధతి వ్యాపార చదువుల్లోకి వచ్చింది. అక్కడ మొదటి కేసు 1921లో రాశారు. దేని మీదో తెలుసా? ఒక చెప్పుల కంపెనీ మీద.

చెప్పులు కుట్టిన తాతకు నేను మనవరాలిని. మా తాత పనిమీద కూడా కేసు రాయొచ్చని, దాన్ని ఏసీ గదుల్లో కూర్చుని చదువుతారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తెలియని తమ్ముళ్ళు చెల్లెళ్ళ కోసం ఈ పోటీ ఎట్లా ఉంటుందో ముందు చెబుతాను. డిగ్రీ పిల్లలు నలుగురు ఒక టీము. చేతికి ఒక కట్ట కాగితాలు ఇస్తారు. అందులో ఒక కంపెనీ కథ ఉంటుంది. ఆ కంపెనీకి ఒక చిక్కు వచ్చి ఉంటుంది. చివర్లో లెక్కల పట్టికలు ఉంటాయి, వాటినే ఎగ్జిబిట్లు అంటారు. పెద్ద పోటీల్లో నలుగురినీ ఒక గదిలో పెట్టి తలుపేస్తారు. 24 గంటలు, కొన్నిచోట్ల 30 గంటల దాకా. ఫోన్లు తీసేసుకుంటారు. కోచ్ లోపలికి రాకూడదు. తెల్లారేసరికి స్లైడ్లు తయారు కావాలి. తర్వాత కంపెనీ పెద్దలు, ప్రొఫెసర్లు జడ్జీలుగా కూర్చుంటే వాళ్ళ ముందు సుమారు 20 నిమిషాలు చెప్పాలి, 10 నిమిషాలు వాళ్ళడిగినదానికి జవాబివ్వాలి. టీములను డివిజన్లుగా విడగొడతారు. డివిజన్ గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళతారు.

లాస్ ఏంజెలెస్‌లో మార్షల్ స్కూల్, సియాటెల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, కోపెన్‌హాగన్ బిజినెస్ స్కూల్, ఆక్లండ్ యూనివర్సిటీ, బ్యాంకాక్‌లో తమ్మసాట్ యూనివర్సిటీ ఇలాంటివి నడుపుతాయి. చాలావాటికి పిలుపు ఉంటేనే పోవాలి. అక్కడికి వచ్చే పిల్లల కాలేజీల్లో కేస్ క్లబ్బులు ఉంటాయి, కోచ్‌లు ఉంటారు. పదుల కొద్దీ కేసులు ముందే చేసి వస్తారు. నేను ఆరు చేసి వెళ్ళాను.

నేను వెళ్ళిన పోటీ పేరు, మా కాలేజీ పేరు రాయను. ఒక ఆసియా నగరం అనుకోండి చాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద హైదరాబాద్‌లో బీబీఏ చదువుతున్నాను. కాలేజీలో పెట్టిన పోటీలో లెక్కలు నేను బాగా చేశానని టీములోకి తీసుకున్నారు. మిగతా ముగ్గురూ ఇంగ్లీషు ఇంట్లోనే మాట్లాడేవాళ్ళు. ఒకడు కెప్టెన్, ఒకడు స్లైడ్లు, ఒకమ్మాయి మాటలు. ఎక్సెల్ నాది. చెడ్డవాళ్ళు కాదు. ఈ మాట ముందే చెబుతున్నా, ఎందుకంటే తర్వాత చదివేది వాళ్ళ మీద కోపంతో రాసింది కాదు.

విమానం టికెట్టులో సగం కాలేజీ ఇచ్చింది. మిగతా సగం హాస్టల్ సీనియర్లు, ఎస్సీ స్టూడెంట్స్ సంఘం వాళ్ళు, పేరు చెప్పొద్దన్న ఒక లెక్చరర్ పోగేశారు. నల్లకోటు అద్దెకు తెచ్చుకున్నాను. చేతులు పొడుగైతే హాస్టల్ వార్డెనమ్మ లోపలికి మడిచి కుట్టింది. ఆ దారాలు ఎక్కడ బయటపడతాయోనని పోటీ అయ్యేదాకా చేతులు ముడుచుకునే ఉన్నాను.

పొద్దున 8 గంటలకు కేసు ఇచ్చారు. మొదటి పేజీ చదవగానే నా గుండె దడదడలాడింది.

ఇంటి సామాన్లు అమ్మే ఒక కంపెనీ. అసలు పేరు మార్చేశారు. దక్షిణ భారత పల్లెల్లో సంఘాల ఆడవాళ్ళతో సరుకు అమ్మిస్తుంది. ఊరికొక డీలరమ్మ. ఆ సంఖ్యను మూడేళ్ళలో రెట్టింపు చేయాలి, ఎట్లా అన్నది ప్రశ్న.

ఇది ఊహించి రాసిన కథ కాదని మీకూ తెలుసు. హిందుస్థాన్ లీవర్ ప్రాజెక్ట్ శక్తి 2000-2001లో మన నల్లగొండ జిల్లా పల్లెల్లోనే మొదలైంది. దాని మీద హార్వర్డ్ కేసు ఉంది, ప్రపంచమంతా చదువుతారు. సి.కె. ప్రహ్లాద్ 2004లో తెచ్చిన పుస్తకంతో "పిరమిడ్ అడుగు" అనే మాట బిజినెస్ స్కూళ్ళల్లో పాకింది. పేదలు కూడా మార్కెట్టే, వాళ్ళకు చిన్న పాకీట్లలో అమ్మొచ్చు అని దాని సారాంశం. ఆ తర్వాత చిన్నా పెద్దా కంపెనీలు ఎన్నో ఇదే దారి పట్టాయి. మా అమ్మ చేసింది శక్తి కాదు. పాలమూరు జిల్లాలో ఇంకో చిన్న కంపెనీ సరుకు.

2006 వేసవి. నేను ఐదో తరగతి అయిపోయి, గురుకులంలో సీటు కోసం చూస్తున్నాను. అమ్మ సంఘంలో 10 వేలు లోను తీసుకుని డబ్బా నిండా సరుకు దించుకుంది. సబ్బులు, షాంపూ పాకీట్లు, బట్టల పౌడరు, చాపత్త, ఉప్పు, గోధుమపిండి. వాడ నుంచి ఊర్లోకి ఇద్దరం పోయేవాళ్ళం. డబ్బా అమ్మ నెత్తి మీద, సంచి నా చేతిలో.

పటేళ్ళ ఇంటి ముందు గేటు దాటేది లేదు. పటేలమ్మ అరుగు మీదికొచ్చి "ఆడ పెట్టు" అనేది. సబ్బులు తీసుకునేది, వాసన చూసేది, రెండు ఎక్కువే తీసుకునేది. పైసలు పైనుంచి అమ్మ దోసిట్లో వేసేది. అమ్మ చాపత్త పాకీటు తీస్తే "గది ఒద్దు, మాకున్నది" అనేది. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లోనూ. వాళ్ళే సాయంత్రం కోమటాయన దుకాణంలో అదే చాపత్త కొనేవాళ్ళు.

"అమ్మా, సబ్బులు కొంటరు గని చాపత్త ఎందుకు కొనరే?" అని అడిగాను.

"సబ్బు మీదికెల్లి పోతది బిడ్డా. చాపత్త లోపటికి పోతది."

అంతే చెప్పింది. పాకీటు అతికే ఉంది, లోపలి చాపత్తకు మా చెయ్యి తగల్లేదు అని కూడా అనలేదు. జూన్‌లో నాకు గురుకులంలో సీటొచ్చింది, వెళ్ళిపోయాను.

పదేళ్ళ తర్వాత, సముద్రం అవతల, తలుపేసిన గదిలో, ఎగ్జిబిట్ 4 నా ముందుంది. 40 మంది డీలరమ్మలు. పేర్లు లేవు, నంబర్లే. ఒక్కొక్కరు ఏ సరుకు ఎంత అమ్మారో వరుసగా ఉంది. అందులో 13 మందికి సబ్బులు, పౌడరు అందరిలాగే ఉన్నాయి. చాపత్త, ఉప్పు, పిండి దగ్గర సున్నా, సున్నా, సున్నా. ఆ 13 వరుసల పక్కన కంపెనీ ఒక గుర్తు పెట్టింది. పనితీరు బలహీనం అని.

ఆ 13 మందీ మనవాళ్ళే అని నేను రుజువు చేయలేను. కేసు మొత్తంలో కులం అనే మాట ఒక్కసారి కూడా లేదు. కానీ ఆ సున్నాలను నేను నెత్తిన డబ్బా పెట్టుకున్న అమ్మ వెనక నడిచి చూశాను.

రాత్రి 11 గంటలకు టీముకు చెప్పాను. మా అమ్మ అని చెప్పలేదు. "మా జిల్లాలో ఇట్లా జరుగుతది" అన్నాను. ముగ్గురూ నిజంగా విన్నారు. మాటల అమ్మాయి "అయ్యో, ఇంకా ఉందా ఇది?" అంది. కెప్టెన్ కాసేపు ఆలోచించి "ఫారిన్ జడ్జీల ముందు కులం గురించి మాట్లాడితే ఇండియా పరువు పోతుంది కదా" అన్నాడు. ఆ జవాబుకు నేను సిద్ధంగానే ఉన్నాను. అలాంటివి కాలేజీలో చాలా విన్నాను.

స్లైడ్లు చేసే అబ్బాయి చెప్పినదానికి మాత్రం సిద్ధంగా లేను. వాడికి కళ్ళు మెరిశాయి. "అయితే చాలా సింపుల్. కులం అని రాయక్కర్లేదు. ఈ 13 ఊళ్ళల్లో తినే సరుకు ఇంకొక డీలర్‌కి ఇచ్చేద్దాం. ఊర్లో అందరూ కొనే ఇంట్లోంచి ఒకరిని పెడదాం. నంబర్లు వేసి చూడు."

వేశాను. ఎక్సెల్ నాదే కదా. ఆ 13 ఊళ్ళ అమ్మకాలు 22 శాతం పెరిగాయి. కంపెనీకి లాభం. పటేలమ్మకు గడప దగ్గర చాపత్త. స్లైడు కూడా అందంగా వస్తుంది.

నేను చెప్పిన నిజం పావుగంటలో మా అమ్మ డబ్బాలోంచి సగం సరుకు తీసేసే ప్లాను అయింది. అంటరానితనం ఉందని నేను చెబితే, దానికి తగ్గట్టు సర్దుకుంటే 22 శాతం వస్తుందని లెక్క చూపించింది. లెక్కలో తప్పు లేదు. నేనే వేశాను.

బాత్రూముకని లేచి, తిరిగొచ్చి, ఆ షీటు తీసేశాను. "డేటా చాలదు, జడ్జీలు పట్టుకుంటారు" అని అబద్ధం చెప్పాను. అలసిపోయి ఉన్నారు, ఒప్పుకున్నారు. దాని బదులు "బలహీన డీలర్లకు మూడు నెలల శిక్షణ" అని ఒక స్లైడు పెట్టాం. అది ఏ కేసుకైనా పనికొచ్చే స్లైడు.

మర్నాడు చెప్పడం బాగానే అయింది. ప్రశ్నల దగ్గర, అప్పటిదాకా ఒక్కమాట మాట్లాడని ఒక జడ్జి మేడమ్ ఎగ్జిబిట్ 4 తీసింది. "ఈ 13 మంది సబ్బులు అందరిలాగే అమ్ముతున్నారు. అమ్మడం చేతకాకపోతే సబ్బూ అమ్మలేరు కదా. మరి టీ పొడి ఎందుకు పోవట్లేదు? శిక్షణ ఇస్తే ఏం మారుతుంది?"

కెప్టెన్ నా వైపు చూశాడు. పట్టికలు నా వంతు. జవాబు నా నోట్లో ఉంది. పదేళ్ళ నుంచి ఉంది. నా ఇంగ్లీషుకు భయపడ్డాను, అది నిజం. ఇండియా పరువు అన్న మాట చెవిలో ఉంది, అదీ నిజం. అంతకన్నా పెద్ద నిజం ఇంకోటుంది. కారణం చెబితే వెంటనే "అయితే ఏం చేద్దాం" అని అడుగుతారు. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క లెక్క రాత్రి నేను తీసేసినది.

"ఇంకా సర్వే చేయాలి మేడమ్" అన్నాను. ఆమె తలూపి కాగితం మీద ఏదో రాసుకుంది.

డివిజన్‌లో రెండో స్థానం వచ్చింది. ఫైనల్‌కి పోలేదు. ఆ ఒక్క జవాబు వల్లే అని అనను, మొదటొచ్చిన టీము మాకంటే బాగా చేసింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను. మొదటిసారి మొత్తం చెప్పాను. 13 సున్నాల సంగతి వినగానే అమ్మ నవ్వింది.

"గా మేడమ్ మంచిగడిగింది. మరి నువ్వేం జెప్పినవ్?"

"సర్వే చెయ్యాలన్న."

ఫోన్లో కాసేపు ఏమీ వినిపించలేదు. "నన్నడిగితే చెప్పకపోదునా" అంది.

ఏం చెప్పేదానివి అన్నాను. అప్పుడు చెప్పింది. నేను గురుకులం పోయిన ఏడే అమ్మ కంపెనీ మనిషిని అడిగిందట. "మా ఊరొక్కటి గాదు సారూ, సుట్టుముట్టు నాలుగు ఊర్ల వాడలు నాకియ్యి. ఆడ నా చేతి చాపత్త ఎవలన్న తాగుతరు." ఆయన ఒప్పుకోలేదు. ఊరికొక్కరే, కాగితంలో అట్లనే ఉంది అన్నాడు. అమ్మ డబ్బా వాపసు ఇచ్చేసింది. మహబూబ్‌నగర్ గంజ్‌కు పోయి చాపత్త, పిండి విడిగా తెచ్చుకుని, ఇంట్లో పొట్లాలు కట్టి, నాలుగు వాడలు తిరిగి అమ్మింది. 2007 నుంచి ఆరేళ్ళు.

"నీ ఇంటర్ ఫీజు యాడికెల్లి వచ్చిందనుకున్నవ్ బిడ్డా?"

నేను కూలి పైసలు అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

మిత్రులారా, ఆ రాత్రి నాకు బాధ కలిగింది జడ్జి ముందు నోరు పెగలనందుకు కాదు. నలుగురం 28 గంటలు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నకు జవాబు మా ఇంట్లో ఉంది. కంపెనీ గీసిన హద్దు ఊరు. అమ్మ చూసిన మార్కెట్టు వాడ. ఊరిని యూనిట్టుగా తీసుకున్నంతకాలం ఆమె వరుసలో సున్నానే వస్తుంది. నాలుగు వాడలు కలిపి ఒక రూటు చేస్తే సున్నా ఉండదు, ఎవరి సరుకూ గుంజుకోనక్కర్లేదు. దీనికి ఎక్సెల్‌లో ఒక్క కాలమ్ మారిస్తే చాలు. ఇది కుల నిర్మూలన కాదు. పటేలమ్మ గేటు అట్లనే ఉంది. కానీ ఒక ఆడమనిషి తన బతుకు తాను లెక్కేసుకుని తేల్చిన దారి అది. కంపెనీ మనిషి వినలేదు, కేసు రాసినవాళ్ళు అడగలేదు. వాళ్ళను ఎందుకు అనాలి, కన్నబిడ్డను నేనే అడగలేదు. నేనూ ఆమెను ఎగ్జిబిట్‌లో ఒక వరుసలాగానే చూశాను.

ఏ కేసు తీసుకున్నా మొదటి వాక్యం చూడండి. ఎక్కువగా ఒక మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచిస్తుంటాడు. నిర్ణయం ఆయనది, చిక్కు ఆయనది. మనవాళ్ళు వెనక పేజీల్లో ఉంటారు, అంకెలుగా. చదివేవాళ్ళకు ఆ మేనేజరు కుర్చీలో కూర్చుని ఆలోచించడమే నేర్పుతారు. వరుస నంబర్ 17 లోంచి ఆలోచించమని ఎవరూ చెప్పరు.

అయితే ఈ పోటీలు మనకొద్దు అంటానా? అనను. వ్యాపార చదువు మనది కాదు అనేవాళ్ళకు ఒక్క సంగతి గుర్తు చేస్తాను. బాబాసాహెబ్ 1918 నుంచి 1920 దాకా బొంబాయి సిడెనహామ్ కామర్స్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పారు. తోటి ప్రొఫెసర్లు ఆయన తమ కుండలో నీళ్ళు తాగడానికి అభ్యంతరం పెట్టారు. దానికి ముందు ఆయన షేర్ల మీద సలహాలిచ్చే వ్యాపారం పెడితే, కులం తెలిసి జనం రావడం మానేశారు. సలహా మంచిదే. చెప్పిన నోరు అంటరానిది. మా అమ్మ చాపత్త కథ అంతకంటే వేరేదేం కాదు. అయినా ఆయన లెక్కలు వదిలిపెట్టలేదు, 1923లో రూపాయి సమస్య మీదే లండన్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నారు.

అందుకే ఆదివారాలు హాస్టల్లో కేసులు చేయిస్తున్నాను. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. పేరు ఇచ్చెయ్. ఇంగ్లీషు ఆరు నెలల్లో వస్తుంది, స్లైడ్లు రెండు వారాల్లో వస్తాయి. కథ కంటే ముందు ఎగ్జిబిట్లు చదువు. సున్నాలు ఎక్కడున్నాయో చూడు. సున్నా ఎవరిదో అడుగు. కారణం ఒక్కటే చెప్పి ఆగిపోకు, నాలాగా చిక్కుకుంటావు. ఆ మనిషి తానైతే ఏం చేస్తుందో కూడా కనుక్కుని వెళ్ళు. గదిలోకి పోయాక ఫోన్ ఉండదు. పోకముందే ఇంటికి ఫోన్ చెయ్, మీ అమ్మ ఏం అమ్మింది, ఎవరు కొన్నారు, ఎవరు కొనలేదు, తర్వాత ఏం చేసింది, అన్నీ అడుగు.

వచ్చే ఆదివారం ప్రాక్టీసుకు నాలుగు టీములు ఒప్పుకున్నాయి. 20 నిమిషాలు చెప్పడం, 10 నిమిషాలు ప్రశ్నలు. తెలుగులో చెప్పాలి, ఎందుకంటే జడ్జిగా మా అమ్మ వస్తోంది. నిన్న ఫోన్లో ఆమె మళ్ళీ అదే అడిగింది.

"ఈ పారి కేసు ఎవల మీద బిడ్డా?"

జై భీమ్.

(తర్వాతి భాగం ఆదివారం ప్రాక్టీసు అయ్యాక)